మద్రాసులో అసెంబుల్డ్ సెట్టు

చెన్నై మధ్యతరగతి ఇళ్లలో పాటలు వినిపించిన సెట్లలో చాలావాటికి కంపెనీ పేరంటూ లేదు. ఆంప్లిఫయర్ బోర్డు ఒక కొట్లో, ట్రాన్స్‌ఫార్మర్ పక్క కొట్లో, స్పీకర్లు ఇంకో వీధిలో కొనేవారు. పెట్టెలు వడ్రంగి చేత చేయించేవారు. అన్నిటినీ కలిపే పని మెకానిక్‌దో, సోల్డరింగ్ చేయి తిరిగిన ఇంటి కుర్రవాడిదో అయ్యేది. ఇలా తయారైనదాన్నే అసెంబుల్డ్ సెట్టు అన్నారు. బ్రాండు సెట్టు ధర పెట్టలేని ఇంటికి అదొక్కటే దారి. పెట్టగలిగిన ఇళ్లలోనూ కొందరు పట్టుబట్టి దీన్నే చేయించుకున్నారు. 1970ల నుంచి సుమారు మూడు దశాబ్దాలు నగరంలో ఈ పద్ధతి జోరుగా సాగినా, దాని మూలాలు ఇంకా వెనక ఉన్నాయి. ఆ చరిత్రలో గమనించవలసింది ఒకటుంది: ఏ కాలంలో ఇంటివారి డబ్బు సెట్టులో ఏ భాగానికి పోయింది అన్నది. గ్రామఫోను రోజుల్లో రికార్డులకు పోయింది, వాల్వుల కాలంలో రేడియోకు, ట్రాన్సిస్టర్లు వచ్చిన కొత్తలో ఆంప్లిఫయర్‌కు. ఆ తర్వాత ఎలక్ట్రానిక్స్ ఏటేటా చవకవుతూ వచ్చింది. స్పీకరూ దాని పెట్టే మాత్రం అంతగా దిగిరాలేదు.

గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902లో కలకత్తా వచ్చి రికార్డింగులు చేశాడు. 1908లో ఆ కంపెనీ సియాల్దాలో ఫ్యాక్టరీ పెట్టింది. మద్రాసులో ఈ వ్యాపారానికి మౌంట్ రోడ్డు ప్రధాన స్థానం. తర్వాతి కాలంలో ఏవీఎం స్టూడియోతో పేరుపడ్డ ఏ.వి. మెయ్యప్పన్ 1932లో భాగస్వాములతో కలిసి అక్కడ సరస్వతీ స్టోర్స్ తెరిచి, ఓడియన్ రికార్డులు అమ్మాడు. అప్పటి గ్రామఫోనుకు కరెంటు అక్కర్లేదు. స్ప్రింగు మోటారుకు కీ ఇస్తే పళ్లెం తిరిగేది, సూది అదురు సౌండ్ బాక్సులోని అభ్రకం రేకుకు చేరి ధ్వనిగా మారేది, కొమ్ము దాన్ని పెద్దది చేసేది. ఉక్కు సూదులు చిన్న డబ్బీలో వచ్చేవి, తరచూ మార్చాలి. యంత్రం ఒకసారి కొంటే ఏళ్ల తరబడి పనిచేసేది, ఖర్చంతా రికార్డులతోనే. 78 వేగంతో తిరిగే పది అంగుళాల రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాలకు కాస్త పైన పలికేది. తెలుగు రంగస్థల పద్యాలు, కీర్తనలు, తర్వాత సినిమా పాటలు ఈ కొలతకు ఒదగాల్సి వచ్చింది. నాటకం మొత్తం వినాలంటే రికార్డులను సెట్టుగా కొనాలి, ప్రతి మూడు నిమిషాలకూ ఎవరో ఒకరు లేచి తిప్పి వెయ్యాలి. లాగి లాగి పాడే రాగాలాపనను మూడు నిమిషాలకు కుదించిన ఘనత కూడా ఈ రికార్డుదే. అది సంగీతానికి మేలో కీడో విద్వాంసులు ఇప్పటికీ తేల్చుకోలేదు.

విడిభాగాలు తెచ్చి యంత్రం కూర్చే అలవాటు నగరానికి రేడియోతో వచ్చింది. 1924 మే 16న సి.వి. కృష్ణస్వామి చెట్టి చొరవతో మద్రాస్ ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ ఏర్పడింది. ఇంగ్లండ్‌లో ఇంజనీరింగ్ చదివి వచ్చిన ఆయన, అక్కడి నుంచి తెచ్చిన భాగాలతో 40 వాట్ల ట్రాన్స్‌మిటర్ సిద్ధం చేశారు. జులై 31న ప్రసారాలు మొదలయ్యాయి. తర్వాత 200 వాట్ల ట్రాన్స్‌మిటర్ వచ్చింది. అంటే దక్షిణాదిన తొలి రేడియో స్టేషను కూడా ఒక రకంగా అసెంబుల్డ్ సెట్టే. డబ్బు చాలక క్లబ్ 1927లో మూతపడింది. సామగ్రి మద్రాసు కార్పొరేషన్ చేతికి వచ్చింది. 1930 ఏప్రిల్ 1 నుంచి కార్పొరేషనే ప్రసారాలు నడిపింది. ఇళ్లలో రేడియోలు చాలా తక్కువ కాబట్టి మెరీనా బీచి వంటి చోట్ల లౌడ్‌స్పీకర్లు పెట్టించింది. సాయంత్రం ఇసుకలో కూర్చుని పాట వినడానికి పైసా ఖర్చు లేదు. బడ్జెట్ లేని శ్రోతకు ఇంతకన్నా మంచి ఏర్పాటు నగరంలో తర్వాత ఎన్నడూ జరగలేదనే చెప్పాలి.

1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం ప్రారంభమై ప్రసారాల బాధ్యతను తీసుకుంది. తమిళంతో పాటు తెలుగు కార్యక్రమాలూ అక్కడి నుంచే వచ్చాయి. గేయకర్త, స్వరకర్త బాలాంత్రపు రజనీకాంతరావు 1941లో ఆ కేంద్రంలోనే ఉద్యోగంలో చేరారు. 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రం వచ్చేదాకా కోస్తా, రాయలసీమ శ్రోతలకు తెలుగు పాటకూ నాటికకూ మద్రాసే దిక్కు. రేడియో కొనడమే కాదు, దానికి లైసెన్సు కూడా తీసుకోవాలి. 1920ల చివర ఆ రుసుము ఏడాదికి 10 రూపాయలు. తర్వాతి దశాబ్దాల్లో దాన్ని పోస్టాఫీసులో కట్టి, పుస్తకంలో ముద్ర వేయించుకునేవారు. ఇంట్లో కూర్చిన సెట్టుకైనా ఈ నిబంధన వర్తించేది. 1985లో గానీ ఈ లైసెన్సులు పూర్తిగా రద్దు కాలేదు.

వాల్వు రేడియో ఒక్కటి ఇంట్లో ఉంటే, తక్కువ ఖర్చులో పాటల సెట్టుకు సగం దారి పడ్డట్టే. మర్ఫీ, ఫిలిప్స్, నేషనల్ ఎకో వంటి మంచి సెట్లకు వెనక పికప్ అనే రెండు రంధ్రాల సాకెట్టు ఉండేది. రికార్డు ప్లేయరు తీగను అందులో గుచ్చితే రేడియోలోని వాల్వులే ఆంప్లిఫయరుగా పనిచేసేవి. అప్పటి ప్లేయర్లలో ఉండే క్రిస్టల్ కార్ట్రిడ్జి నేరుగా రేడియోకు సరిపడేంత వోల్టేజి ఇచ్చేది కాబట్టి మధ్యలో మరో పరికరం అవసరమయ్యేది కాదు. మాగ్నెటిక్ కార్ట్రిడ్జికి అలా కుదరదు. దాని సిగ్నలు కొద్ది మిల్లీవోల్టులే, పైగా రికార్డు కోసేటప్పుడు తగ్గించిన మంద్ర స్వరాలను తిరిగి పెంచే ప్రీఆంప్లిఫయర్ కావాలి. క్రిస్టల్ నాణ్యతలో ఒక మెట్టు కిందిదే అయినా, ఖర్చు తగ్గించినందువల్ల చాలా ఇళ్లలో అదే నిలిచింది.

పాత ప్లేయర్లకూ, గ్రామఫోన్లకూ, రికార్డులకూ మూర్ మార్కెట్టే చోటు. సెంట్రల్ స్టేషను పక్కన 1900 ప్రాంతంలో కట్టిన ఈ ఎర్ర కట్టడం పాత పుస్తకాలకు ఎంత పేరుపొందిందో పాత సామానుకూ అంతే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సైన్యం వదిలించుకున్న రేడియో సామగ్రి దేశమంతటా డిస్పోజల్ సరుకుగా బజారుకు వచ్చింది. హామ్ రేడియో అభిరుచి ఉన్నవారూ మెకానిక్కులూ ఆ సరుకులోంచి ట్రాన్స్‌ఫార్మర్లు, మీటర్లు, వాల్వులు ఏరుకునేవారు. బేరం తెలిసినవాడికి చవక, తెలియనివాడికి పాఠం. 1985 మే 30న మూర్ మార్కెట్ తగలబడింది. ఆ స్థలంలో రైల్వే సబర్బన్ స్టేషను భవనం లేచింది. వ్యాపారులు దగ్గరలోని అల్లికుళం కాంప్లెక్సుకు వెళ్లారు. అప్పటికే ఎలక్ట్రానిక్స్ బేరాలు వేరే వీధికి చేరిపోయాయి.

ఆ వీధి రిచీ స్ట్రీట్. మౌంట్ రోడ్డు నుంచి లోపలికి తిరిగితే, చింతాద్రిపేటకు ఆనుకుని, నరసింగపురం స్ట్రీట్, వాలర్స్ రోడ్డుతో కలిసి అల్లుకున్న ఇరుకు సందులు. చింతాద్రిపేట 1734లో ఈస్టిండియా కంపెనీ నేతగాళ్ల కోసం ఏర్పరచిన పేట. చేతిపనివాళ్లను ఒకచోట చేర్చడం ఆ చుట్టుపక్కలకు కొత్త కాదు. రేడియో విడిభాగాల కొట్లతో పెరిగిన ఈ బజారు ట్రాన్సిస్టర్లు, టీవీలు, కంప్యూటర్లు, సెల్‌ఫోన్లు ఒక్కొక్కటే వచ్చినప్పుడల్లా సరుకు మార్చుకుంటూ దేశంలోని పెద్ద ఎలక్ట్రానిక్స్ బజార్లలో ఒకటైంది. నెల్లూరు, చిత్తూరు వైపు మెకానిక్కులకూ ఇది అందుబాటులో ఉన్న పెద్ద బజారే. హైదరాబాదు కోఠీలో గుజరాతీ గల్లీకి ఎలాంటి పేరుందో వారికి రిచీ స్ట్రీట్ అలాంటిది. 1975 ఆగస్టు 15న మద్రాసు దూరదర్శన్ మొదలయ్యాక నగరంలోనే సాలిడేర్, డయనోరా టీవీలు తయారయ్యాయి. వాటి తయారీలో, మరమ్మతుల్లో చేయి తిరిగినవాళ్లు పెరిగారు. సాయంత్రాలు ఆంప్లిఫయర్లు కట్టి ఇచ్చే చేతులు నగరానికి అలా దొరికాయి.

బోర్డు మీదికి ఎక్కిన భాగాలు చాలావరకు దేశంలోనివే. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ వాల్వులూ, తర్వాత ట్రాన్సిస్టర్లూ తయారు చేసింది. ఢిల్లీ కేంద్రంగా 1964లో మొదలైన కాంటినెంటల్ డివైస్ కంపెనీ ఎస్ఎల్ 100, ఎస్‌కే 100 ట్రాన్సిస్టర్లు పాలిటెక్నిక్ విద్యార్థులందరికీ కంఠతా వచ్చినవే. 1973లో ఏర్పడిన కేరళ ప్రభుత్వ సంస్థ కెల్‌ట్రాన్ కండెన్సర్లు ఇచ్చింది. ఔట్‌పుట్ దశలో 2ఎన్3055 వాడేవారు. లోహపు టోపీ ఆకారంలో ఉండే ఈ ట్రాన్సిస్టర్ 15 ఆంపియర్ల కరెంటును తట్టుకుంటుంది. దొంగ సరుకు ఎక్కువగా వచ్చిన భాగాల్లోనూ ఇదొకటి. లోపల చిన్న చిప్పు పెట్టి పైన అదే నంబరు అచ్చేస్తే కొన్నవాడికి తేడా కాలినప్పుడే తెలిసేది. సర్క్యూట్లకు 1969లో ఢిల్లీ నుంచి మొదలైన ఎలక్ట్రానిక్స్ ఫర్ యు పత్రిక పెద్ద ఆధారం. సంచికలో వచ్చిన ఆంప్లిఫయర్ సర్క్యూట్ పట్టుకుని కొట్టుకు వెళితే, చీటీలో రాసిన రెసిస్టర్లూ కండెన్సర్లూ లెక్కపెట్టి కాగితం పొట్లంలో కట్టి ఇచ్చేవారు.

ఆ రోజుల్లో అసెంబుల్డ్ ఆంప్లిఫయర్‌లో అసలు ఖర్చు ఇనుము, రాగిదే. 18-0-18 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌ను రాగి తీగతో చుట్టించాలి, ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లకు బరువైన అల్యూమినియం హీట్ సింకు కావాలి, ఛాసిస్ రేకు వంచించాలి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పొదుపు చేసిన సెట్టు ఇట్టే పట్టుబడేది. వాల్యూము పెంచితే మంద్ర స్వరం దగ్గర ధ్వని చితికిపోయేది, పాట ఆగిన చోట హమ్ వినిపించేది. హమ్‌కు కారణాలు రెండు మూడే: ఫిల్టర్ కండెన్సర్ చిన్నది కావడం, ఎర్తు తీగలు ఒక్కచోట కలవకుండా చుట్టూ తిరగడం, ఇన్‌పుట్ తీగ ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పోవడం. ఇవి తెలిసిన మెకానిక్ కట్టిన సెట్టు కంపెనీ సెట్టుకు దీటుగా పలికేది. తెలియనివాడు కట్టింది హమ్ చేస్తూనే ఉండేది, కొన్నాళ్లకు ఇంటివారికి అది వినబడడమే మానేసేది.

1960లలో వచ్చిన రీలు టేపుకు ఇంట్లో చోటు దొరకలేదు. దాన్ని ఇంటింటికీ చేర్చింది క్యాసెట్టు. ఫిలిప్స్ కంపెనీ 1963లో బయటపెట్టిన ఈ చిన్న డబ్బా 1970ల చివరికి మద్రాసులో రికార్డును పక్కకు నెట్టడం మొదలుపెట్టింది. గల్ఫ్ నుంచీ సింగపూరు నుంచీ తిరిగి వచ్చేవారి సామానులో రేడియో, టేపు కలిసిన టూ ఇన్ వన్ తప్పనిసరి. అలా తెచ్చిపెట్టేవారు లేని ఇళ్ల కోసం బర్మా బజారు ఉండేది. 1962లో బర్మాలో సైనిక పాలన వచ్చి వ్యాపారాలు జాతీయం కావడంతో తిరిగి వచ్చిన భారతీయుల కోసం 1969లో హార్బరు ఎదుట, బీచి స్టేషను దగ్గర ఏర్పాటైన చిన్న చిన్న కొట్ల వరస అది. తిరిగి వచ్చినవారిలో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు; రంగూన్ రేవులో తరాల తరబడి పనిచేసినవారిలో గోదావరి, విశాఖ జిల్లాలవారు చాలామంది. దిగుమతి సుంకాలు భారీగా ఉన్న కాలంలో జపాను టేపు డెక్కు చూడాలంటే నగరవాసి ముందుగా వెళ్లేది బర్మా బజారుకే. రసీదు గానీ గ్యారంటీ గానీ అడిగే ఆచారం అక్కడ లేదు.

రికార్డింగు సెంటర్లు కూడా ఈ కాలంలోవే. కావలసిన పాటల చీటీ రాసి, ఖాళీ క్యాసెట్టు ఇస్తే, షాపువారు తమ ఎల్పీ రికార్డుల నుంచి ఎక్కించి ఇచ్చేవారు. 60 నిమిషాల క్యాసెట్టులో ఒక్కో వైపు అరగంట. ఏడెనిమిది సినిమా పాటలు పట్టేవి. ఎల్పీ కొనలేని ఇంటికి మంచి ఎల్పీ ధ్వనిలో ఎక్కువ భాగం ఇలా అందింది. కాపీరైటు ప్రశ్న అప్పటికి వీధి దాకా రాలేదు. సెట్టు కట్టేవారికి క్యాసెట్టు వల్ల ఇంకో వెసులుబాటు కలిగింది. మోటారు, హెడ్డు, మీటలు కలిసి ఉన్న మెకానిజం విడిగా దొరికేది కాబట్టి దాన్నీ, ప్రీఆంప్లిఫయర్ బోర్డునూ ఆంప్లిఫయర్ పెట్టెలోనే బిగించేసేవారు. కొన్ని నెలలకోసారి స్పిరిట్ అద్దిన దూదితో హెడ్డు తుడవకపోతే హెచ్చు స్వరాలు మూగబోయేవి. మద్రాసు తేమకు మూల పెట్టిన క్యాసెట్లకు బూజు పట్టేది.

ఆంప్లిఫయర్ ధర కిందికి దిగింది మాత్రం చాలా భాగాలను ఒక్క చిప్పులో ఇమిడ్చిన ఐసీల వల్ల. టీబీఏ 810 సుమారు 7 వాట్లు, టీడీఏ 2030 సుమారు 14 వాట్లు ఇచ్చేవి. సాన్యో కంపెనీ ఎల్ఏ 4440లో రెండు ఛానళ్లు ఒక్క ముక్కలోనే ఉండేవి. ఛానలుకు 6 వాట్లు, రెంటినీ కలిపి ఒకటిగా కడితే 19. పది పన్నెండు చిల్లర భాగాలు, 12 వోల్టుల సరఫరా ఉంటే స్టీరియో తయారు. కారు బ్యాటరీతోనూ నడుస్తుంది కాబట్టి కారు సెట్లలో, ఆటోల్లో, ఊళ్లలో టీ కొట్ల సెట్లలో ఇదే ఐసీ కనిపించేది. అంతకుముందు వారం పట్టే పని ఒక సాయంత్రానికి వచ్చింది. నిపుణుడైన మెకానిక్‌కూ కొత్త కుర్రవాడికీ మధ్య తేడా చాలావరకు చెరిగిపోయింది. పాత మెకానిక్కులు దీన్ని ఇష్టపడకపోవడంలో వింత లేదు.

ఎలక్ట్రానిక్స్ ఇంత తేలికయ్యాక మిగిలిన కష్టం స్పీకరు. శంకువు ముందుకు కదిలినప్పుడు వెనక వైపు పుట్టే ధ్వని ముందు ధ్వనిని మంద్ర స్వరాల్లో రద్దు చేస్తుంది. పెట్టె పని ఆ రెంటినీ వేరు చేయడం. అందుకే పెట్టె లేని మంచి స్పీకరు పీలగా పలుకుతుంది. ఆంధ్రలోనూ తమిళనాట కూడా పేద ఇళ్లు దీనికి కనిపెట్టిన ఉపాయం మట్టికుండ. ఖాళీ కుండ మూతి మీద స్పీకరును బోర్లించో వెల్లకిలో పెట్టి రేడియోకు కలిపేవారు. కుండ లోపలి గాలి ఒక స్వరం దగ్గర గట్టిగా మోగుతుంది. దానితో మృదంగం, బేసు నిండుగా వినిపిస్తాయి. అన్ని స్వరాలనూ సమంగా పలికించే పద్ధతి కాదది, కానీ కొద్ది రూపాయల్లో వచ్చే బేసుకు దాన్ని మించింది లేదు.

కాస్త డబ్బున్నవారు ఎనిమిది అంగుళాల వూఫరు, చిన్న ట్వీటరు కొని పెట్టె చేయించేవారు. ట్వీటరుకు వరసలో ఒక కండెన్సరు పెడితే మంద్ర స్వరాలు అటు పోకుండా ఆగుతాయి. చవక సెట్టులో క్రాస్ఓవర్ అంటే అదొక్కటే. మొదట్లో టేకు, ప్లైవుడ్ వాడారు. తర్వాత హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో తయారయ్యే నోవోపాన్ బోర్డు ఎంత వాడుకలోకి వచ్చిందంటే, పార్టికల్ బోర్డు ఏదైనా నోవోపానే అయింది. బరువుగా ఉండి అదరదు కాబట్టి పెట్టెకు మంచిదే, కానీ నీళ్లు తగిలితే ఉబ్బుతుంది. పైన రెక్సిన్ అంటించేవారు. వడ్రంగికి ఇచ్చే కొలతలు చాలాసార్లు కొట్టువాడు నోటితో చెప్పినవే. స్పీకరు తయారీదారు చెప్పిన లోపలి ఘనపరిమాణం, గాలి రంధ్రం పొడవు అడిగి చేయించినవారు కొద్దిమంది. పెట్టె తేడా వల్ల పాడైన ధ్వనికి ఆంప్లిఫయరును నిందించి దాన్ని మార్చినవారు ఎక్కువ.

సముద్రం పక్క ఊరు కావడం కూడా ధ్వనిని ప్రభావితం చేసింది. ఉప్పు గాలికి సాకెట్లు, వాల్యూము కంట్రోళ్లు చిలుముపట్టి గరగరమంటాయి. విదేశీ వూఫర్ల అంచున ఉండే ఫోము వేడికీ తేమకూ కొన్నేళ్లకే పొడిపొడిగా రాలిపోతుంది, అందుకే రబ్బరు, గుడ్డ అంచులున్న స్పీకర్లను ఎరిగినవారు అడిగి కొనేవారు. గచ్చు నేల, సిమెంటు గోడలు, తివాచీ లేని చిన్న హాలు ధ్వనిని తిప్పి తిప్పి కొడతాయి. కిటికీకి మందం గుడ్డ, గోడకు పుస్తకాల బీరువా ఉంటే అదే సెట్టు ఇంకోలా పలుకుతుంది. ఖర్చు లేని ఈ మార్పు చాలా ఇళ్లలో చివరికి గుర్తొచ్చేది.

ఈ సెట్ల మీద మోగిన పాటల్లో నగరంలోనే పుట్టినవి ఎన్నో. 1963లో వచ్చిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వేంకటేశ్వర సుప్రభాతం, 1974 ఫిబ్రవరిలో ఘంటసాల పోయిన తర్వాత విడుదలైన ఆయన భగవద్గీత, ఆ దశాబ్దం ముగింపులో అన్నమయ్య కీర్తనలతో వచ్చిన బాలాజీ పంచరత్నమాల రికార్డులు తెలుగు ఇళ్లలో తప్పనిసరి. వీటికి గొప్ప బేసు అక్కర్లేదు. గొంతు స్పష్టంగా వినిపిస్తే చాలు. 1986లో ఇళయరాజా హౌ టు నేమ్ ఇట్ వాయులీనాల బృందంతో వచ్చాక, 1992లో ఏ.ఆర్. రహమాన్ రోజా పాటలు వచ్చాక, కొట్లో సెట్టు పరీక్షించడానికి పెట్టే పాటలు మారాయి. కింది స్వరాలు నేలను తాకినట్టు ఉండాలన్న కోరిక పుట్టి, సబ్‌వూఫరు అన్న మాట మధ్యతరగతి నోట పలికింది. ఎఫ్ఎం ప్రసారాలు దేశంలో మొదట 1977 జులై 23న మద్రాసులోనే మొదలైనా, ఎఫ్ఎం పట్టే రేడియోలు లేక చాలాకాలం వాటికి శ్రోతలు కొద్దిమందే.

1991 తర్వాత దిగుమతులు సడలడంతో బ్రాండు సెట్లు దిగొచ్చాయి, అసెంబుల్డ్ సెట్టు ఒత్తిడిలో పడింది. అప్పుడు మొదలైంది పీఎంపీఓ అనే గరిష్ఠ శక్తి అంకెల యుగం. పెట్టె మీద వెయ్యి, రెండు వేల వాట్లని అచ్చేసేవారు. దానికి ఒప్పుకున్న కొలమానమంటూ ఏదీ లేదు. నిజంగా నిలకడగా ఇచ్చే శక్తి అందులో చిన్న భాగం. రిచీ స్ట్రీట్ కొట్లూ ఆ పోటీలో దిగాయి, 40 వాట్లు ఇచ్చే పెట్టెకు వందల్లో స్టిక్కరు అంటించాయి. అసలు లెక్క వేరు. ఒక వాటుకు మీటరు దూరంలో 88 డెసిబెళ్లు పలికే స్పీకరుకు 5 వాట్లు చాలు, మామూలు హాలు నిండుతుంది. శక్తి రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెళ్లే. రెట్టింపు బిగ్గరగా తోచాలంటే సుమారు పది రెట్ల శక్తి కావాలి. కాబట్టి తక్కువ డబ్బున్నవాడు వాట్లు కొనేకన్నా మెరుగైన స్పీకరు కొనడమే లాభం.

1990ల చివర వీసీడీ ప్లేయర్లు, తర్వాత చైనా డీవీడీ ప్లేయర్లు పాట పుట్టే చోటును చవక చేశాయి. ఒక్క ఎంపీ3 సీడీలో వందకు పైగా పాటలు పట్టేవి. వాటిలో ఎక్కువ భాగం దొంగ కాపీలే. 2004లో తమిళనాడు గూండా చట్టాన్ని వీడియో పైరసీ చేసేవారికీ వర్తింపజేస్తూ సవరించారు. డీవీడీతో అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫరు ఉండే 5.1 ధ్వని వచ్చింది. ఆరు ఛానళ్ల ఆంప్లిఫయర్ బోర్డులు, డాల్బీ సంకేతాన్ని విడదీసే డీకోడరు బోర్డులు కిట్లుగా అమ్ముడుపోయాయి. అసెంబుల్డ్ సెట్టుకు ఇది రెండో వసంతం. అయితే వెనక రెండు స్పీకర్లకు చోటు లేని పది బై పన్నెండు అడుగుల హాల్లో అయిదు పెట్టెలు ఒకే గోడకు వరసగా కూర్చున్న ఇళ్లు కోకొల్లలు. ఇంట్లో రెండు మంచి స్పీకర్లకు సరిపడే డబ్బు అయిదు నాసి స్పీకర్లకు పంచడం ఈ కాలపు పొరపాటు. 2008 తర్వాత కొన్నేళ్లు రాష్ట్రాన్ని పట్టిన కరెంటు కోతల్లో ఇన్వర్టర్లు ఇళ్లకు చేరాయి. వాటి చతురస్ర తరంగానికి పాత ట్రాన్స్‌ఫార్మర్లు గుర్రుమనడం కూడా అప్పుడే అందరికీ తెలిసింది.

ఆ తర్వాత క్లాస్-డి బోర్డులు వచ్చాయి. వీటిలో ట్రాన్సిస్టర్లు సెకనుకు లక్షల సార్లు పూర్తిగా తెరుచుకుని మూసుకుంటాయి. అందువల్ల వేడిగా వృథా అయ్యే శక్తి తక్కువ, పెద్ద హీట్ సింకు అక్కర్లేదు. అరచేతిలో సగం పట్టే పీఏఎం 8403 బోర్డు ఛానలుకు 3 వాట్లు, టీపీఏ 3116 ఛానలుకు 50 వాట్ల దాకా ఇస్తాయి. టీపీఏ బోర్డుకు పాత లాప్‌టాప్ అడాప్టరు సరఫరాగా సరిపోతుంది, బ్లూటూత్ ముక్క కలిపితే ఫోనే టేపూ రేడియో రెండూ. వాల్వుల కాలంలో గుమస్తా కుటుంబం ఏళ్ల తరబడి కూడబెట్టి కొన్న ఆంప్లిఫయర్ శక్తి, ఇప్పుడు రిచీ స్ట్రీట్‌లో కొన్ని వందల రూపాయలకు దొరుకుతోంది. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టేవారికి పని తగ్గింది.

స్పీకరుకు మాత్రం తీగచుట్ట, అయస్కాంతం, శంకువు, బరువైన పెట్టె ఇప్పటికీ కావాలి. అందుకే తక్కువ డబ్బుతో సెట్టు కట్టేవారు నేడు బజారులో మొదట చూసేది పాత కంపెనీ స్పీకర్లను. ఫోము రాలిపోయిన వూఫరుకు కొత్త అంచు అంటిస్తే చాలాసార్లు అది మళ్లీ పలుకుతుంది. ఎల్పీలను తిరిగి ఇష్టపడుతున్న కొద్దిమంది పాత ప్లేయర్లు బాగు చేయించుకుని, మాగ్నెటిక్ కార్ట్రిడ్జికి కావలసిన ప్రీఆంప్లిఫయర్‌ను చిన్న బోర్డుగా విడిగా కొంటున్నారు. మూర్ మార్కెట్ రికార్డులలో మిగిలినవి అల్లికుళంలో, పాత ఇళ్ల అటకల మీద ఉన్నాయి. నోవోపాన్ స్థానంలో ఎండీఎఫ్ వచ్చింది, యంత్రంతో కొలత ప్రకారం కోయించుకోవచ్చు. పెట్టె లోపలి కొలతలు లెక్కకట్టే ప్రోగ్రాములు ఉచితంగానే దొరుకుతున్నాయి. సెట్టు బడ్జెట్‌లో ఎక్కువ వాటా ఇప్పుడు స్పీకరుకూ పెట్టెకూ పోతుంది, మిగిలినదానిలో ఆంప్లిఫయరూ సరఫరా రెండూ వస్తాయి.